మడి మనకు, మైల నదికి

శుభ్రతయందు మనవారికి గల పట్టుదల సామాన్యమైనది కాదు. తెల్లవారకమునుపే వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుదుము. చెప్పులు గుమ్మము వెలుపల విడుతుము. కాళ్లు కడిగికొనక లోనికి రాము. ఎంగిలి చేయి కడుగక మరియొక వస్తువును ముట్టము. మడి, మైల, అంటు, ఎంగిలి, ముట్టు, పురుడు అని శౌచాశౌచములను విడదీయుటకు మన భాషలో నెన్ని మాటలున్నవో చూడుడు. ఇంతటి శుచిమంతులగు జనుల నడుమ ప్రవహించు నదులు ఇంత యశుచిగా నేల యున్నవి? మన చెరువుల ప్రక్కగా పోవునపుడు ముక్కు మూసికొనవలసిన యవస్థ యేల కలిగినది?

ఈ రెంటికిని పొందిక లేదని కొందరు వింతపడుదురు. నాకందు వింత యేమియు కనబడదు. మనము పాటించు శౌచమే నదుల యశౌచమునకు కారణమని నా వాదము. ఈ మాట కటువుగా నుండవచ్చును. చదువరులు కోపింపక తుదివరకు చదివి, తప్పైనచో త్రోసివేయుదురు గాక.

మన శౌచమునకు గడప యొక యెల్ల. గడపకు లోపలిది మనది, వెలుపలిది యెవరిదో. మురికిని కంటికి కనబడనంత దూరము, ముక్కునకు సోకనంత దూరము నెట్టివేసినచో మనము శుచులమైనట్లే భావింతుము. ఆ మురికి నశించినదా, లేక మరియొకని వాకిట చేరినదా యని విచారించు నలవాటు మనకు లేదు. 'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అని మన పెద్దల సామెత. మురుగునీరును పల్లమెరుగును. ఏ యూరికైనను పల్లమున నున్నది చెరువో, వాగో, నదియో యగును. కాబట్టి మన మడి యంతయు తుదకు నదికి మైలగా పరిణమించుచున్నది.

నేను బడిపంతులను. ఒకమారు పై తరగతి పిల్లలను, "మీ యింటికి నీరెక్కడనుండి వచ్చును?" అని యడిగితిని. కొళాయి యని కొందరు, జలాశయముల పేళ్లతోసహా కొందరు వెంటనే చెప్పిరి. "మీ యింటినుండి నీరెక్కడికి పోవును?" అని యడుగగా తరగతి నిశ్శబ్దమయ్యెను. ఒక బాలుడు "మోరీలోనికి" అనెను. మోరీ యెక్కడికి పోవునన్న ప్రశ్నకు ఎవరును సమాధానము చెప్పలేదు. ఇది పిల్లల దోషము కాదు. నది యే కొండలో పుట్టి యే సముద్రమున కలియునో మన పాఠ్యపుస్తకములు చెప్పును. మన స్నానపు గదిలోనుండి పోవు నీరు ఏ నదిలో కలియునో చెప్పవు. తల్లిదండ్రులకును తెలియదు. ఎం.ఏ. పట్టము పొందిన గృహస్థునకు సైతము తన యింటి తూము భూగోళములో నొక యజ్ఞాత ప్రదేశముగనే యున్నది.

ఆ ప్రదేశమెక్కడనో హైదరాబాదు నగరమునందు మనము సులభముగా చూడగలము. వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది ఈ నగరము నడుమగా పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆ నది పొంగి వేలాది జనుల ప్రాణములను బలిగొనెను. మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి వరదల నాపుటకు మార్గమడిగెను. ఎగువను రెండు జలాశయములు కట్టవలెననియు, నగరమునకు మురుగుపారుదల యేర్పాటు కావలెననియు ఆయన సూచించెను. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని యుపనది యగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. నగరమునకు వరదభయము చాలవరకు తగ్గెను, త్రాగునీరును సమకూరెను.

అయితే ఆ పిమ్మట జరిగినది గమనింపదగినది. కొండలనుండి వచ్చు మంచినీరు ఎగువ జలాశయములలో నిలిచిపోయెను. వానకాలమున తలుపులెత్తినప్పుడు తప్ప నగరము నడుమనున్న నదికి తనదని చెప్పుకొన నీరు లేదు. నగరమో, ఆనాడు కొన్ని లక్షల జనులు గలది, కోటి దాటెను. దూరమున నున్న మంజీరనుండి, కృష్ణనుండి, గోదావరినుండి గొట్టములద్వారా నీరు తెచ్చుకొంటిమి. ఆ నీటిని మన స్నానములకు, వంటలకు, పాయిఖానాలకు వాడుకొని, వాడిన దానిని మూసీలోనికి విడిచితిమి. మూడు నదుల నీరు మన గడపలోనికి శుద్ధమై వచ్చి, మురుగై వెడలి, నాల్గవ నదిని నింపుచున్నది. వేసవియందు నగరము దిగువను మూసీలో పారునది చాలవరకు మన యిండ్ల నీరే. ఇది మనమందరము కలసి నిత్యము చేయు అభిషేకము!

ఇక నగరము దిగువనున్నవారి సంగతి. మూసీ యొడ్డున నున్న పల్లెల రైతులకు వేరు నీరు లేదు. పూర్వపు కత్వలద్వారా ఆ నీటినే మళ్లించి వరిమళ్లకు, ఆకుకూరలకు, పశువుల గడ్డికి పెట్టుకొనుచున్నారు. ఆ నీట దిగినవారికి చర్మవ్యాధులు, ఆ నీటి యూటతో చెడిన బావులు, నురుగుతో తేలు కాలువలు. వీరు మన మురికి నెన్నడును కోరినవారు కారు. ఆ గడ్డి మరల నగరమునకు వచ్చి పాడిపశువుల మేతయగును. ఆ పాలు మన యిండ్లకు వచ్చును. మనము గడప దాటించితిమని సంతసించినది పాలచెంబులో దొడ్డిదారిన తిరిగి వచ్చుచున్నదేమో యని మడికట్టుకొన్న గృహిణి యొకమారైనను సంశయింపవలదా? అటుపిమ్మట మూసీ కృష్ణలో కలియును. ఆ కృష్ణ పులిచింతల దాటి బెజవాడ చేరును. 2016లో లక్షలాది భక్తులు పుష్కరస్నానము చేసినది అచ్చటి ఘట్టములయందే. మన మోరీ యెంత పలుచనై పోయినను, దాని ప్రయాణము మాత్రము అంత దూరము.

చెరువుల కథ యింతకంటె భిన్నము కాదు. హుస్సేన్‌సాగరము ఇబ్రహీం కులీకుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, మూసీ యుపనదిపై కట్టబడినది. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లవరకు జనులు ఆ నీటిని త్రాగిరి. పిదప కూకటపల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలాలగుండా ఇండ్లనుండియు, కర్మాగారములనుండియు వచ్చిన మురుగు దానిని నింపెను. 1992లో దాని నడుమ బుద్ధభగవానుని విగ్రహమును ప్రతిష్ఠించితిమి. అహింసామూర్తి చుట్టును చేపలు చచ్చి తేలుట మనకు విడ్డూరముగా తోపకపోవుటయే విడ్డూరము. తెలంగాణమున బతుకమ్మ పండుగ చెరువుల పండుగ. తంగేడు, గునుగుపూలు నీటివిలువ నెరిగిన స్త్రీజనుల చేతులమీదుగా నీట చేరు పండుగ. ఇప్పుడు పట్టణములలో చెరువు దిగుటకు వీలులేక, పండుగకని సిమెంటు తొట్లు కట్టవలసి వచ్చుచున్నది. చెరువును మనము పోగొట్టుకొంటిమనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

నీరెట్లు చెడునో కొంచెము వివరింతును. ఈ విషయము తెలియకపోవుటచేతనే పెక్కు దురభిప్రాయములు నిలిచియున్నవి. నీటిలోని ప్రాణులు నీటిలో కరగిన ప్రాణవాయువును పీల్చి బ్రతుకును. మన దేశపు వేడికి లీటరు మంచినీటిలో ఇమిడెడి ప్రాణవాయువు సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే. అది 4, 5 మిల్లీగ్రాములకు తగ్గినచో పెక్కు చేపలు నిలువలేవు. మలము, అన్నపు మెతుకులు, నూనె, సబ్బు మొదలగునవి నీట చేరగానే సూక్ష్మజీవులు వానిని తిని కుళ్లజేయును. ఆ పనికి ప్రాణవాయువు కావలెను. శుద్ధి చేయని యింటి మురుగు లీటరొక్కటికి సుమారు 200 మిల్లీగ్రాముల ప్రాణవాయువును హరించును. అనగా ఒక్క లీటరు మురుగు ఇరువదియైదు లీటర్ల మంచినీటి యూపిరిని పూర్తిగా తీయగలదు. ప్రాణవాయువు నశించిన పిమ్మట వేరుజాతి సూక్ష్మజీవులు బయలుదేరి, కుళ్లిన గ్రుడ్ల వాసన గల వాయువును పుట్టించును. వంతెనమీద మనకు సోకు దుర్గంధమదియే. మురుగులోని నత్రజని, భాస్వరములు నాచునకు, గుర్రపుడెక్కకు ఎరువగును. చెరువుమీద పచ్చని తివాచీ పరచినట్లుండును. క్రింద వెలుగు లేక, గాలి లేక జలచరములు నశించును. ఆ పచ్చదనము చూచి చెరువు కళకళలాడుచున్నదనుకొనుట శవమునకు చేసిన యలంకారమును మెచ్చుకొనుట వంటిది.

ఇక నా ప్రతివాదుల మాటలు వినెదను.

"పారు నీటికి దోషమంటదు, గంగకు, గోదావరికి అపవిత్రత యెక్కడిది?" అని మొదటివారందురు. పారు నీరు కొంత మురికిని తనంత తాను హరించుకొనుట నిజమే. ఎక్కువ నీటిలో పలుచనగుట, అలల తాకిడిచే గాలి కలియుట, సూక్ష్మజీవులు తినుట అను మూడు విధముల నది తన్ను తాను బాగుచేసికొనును. పదియిండ్ల పల్లె ప్రక్కన పెద్దనది పారినప్పుడు ఆ శక్తి చాలును. కోటి జనుల పట్టణమునకు, ఎగువను నీరు కట్టివేసిన నదికి ఆ శక్తి చాలునా? ఒక యెద్దు ఒక బండిని లాగునని, పది బండ్లను దానికే కట్టి, పడిపోయినపుడు దాని మహిమయందు మనకు విశ్వాసము సడలలేదనుట యెట్టి భక్తి?

కొందరు విద్యావంతులు 1896లో హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు గంగాయమునల నీటిలో కలరా క్రిములు చచ్చుచున్నవని కనుగొనెనని యుదాహరింతురు. అది నిజము. పిమ్మట సూక్ష్మజీవులను చంపు అతిసూక్ష్మజీవులున్నవని తేలినది. అయితే అవి కొన్ని జాతుల క్రిములను మాత్రమే చంపును. మన మురుగు హరించిన ప్రాణవాయువును తిరిగి తేలేవు, కర్మాగారపు పాదరసమును కరగింపలేవు. ఔషధమున్నదని విషము త్రాగువానిని ఎవడును వివేకి యనడు.

నేను సంస్కృతమును చదివినవాడను గనుక శాస్త్రమును ముందిడుకొని వచ్చువారికి శాస్త్రముతోనే బదులు చెప్పెదను. నీటియందు మలమూత్రములను, ఉమ్మిని, అశుచియైన దానిని, నెత్తురును, విషమును వేయరాదని మనుస్మృతి నాల్గవ యధ్యాయమున స్పష్టముగా నిషేధించినది. మనువు చెప్పినవన్నియు ఒప్పుకొనువాడను కాను. ఆ గ్రంథమున మానవత్వమునకు విరుద్ధమైనవి పెక్కులున్నవని నా నమ్మకము. కాని ఎవరెవరిని ముట్టరాదో చెప్పిన మాటలను వేలయేండ్లు తు.చ. తప్పక పాటించిన మనవారు, నీటిలో ఏమి వేయరాదో చెప్పిన మాటను ఏల మరచిరి? మనకనుకూలమైన నిషేధములను ఆచారములుగా నిలుపుకొని, మనకు శ్రమ కలిగించు నిషేధములను అటకమీద పెట్టితిమి. పావనత్వము వేరు, పరిశుభ్రత వేరు. మొదటిది మన భావములో నుండును. రెండవది నీటిలో నుండవలెను. భావములోని పావనత్వమును జూపి నీటిలోని మురికిని క్షమింపుమనుట భక్తికి కళంకము.

వినాయకుని సంగతియు నిట్టిదే. చెరువు మట్టితో బొమ్మను జేసి, పత్రితో పూజించి, ఆ మట్టిని చెరువునకే యిచ్చుటలో నొక యందమైన భావమున్నది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో కొండంత విగ్రహమును పోసి, సీసము మొదలగు లోహములు గల రంగులు పూసి, నీట ముంచి యేడిపించుటలో ఏ భావమున్నది? 2021లో తెలంగాణ హైకోర్టు అట్టి విగ్రహములను హుస్సేన్‌సాగరమున ముంచరాదని యాజ్ఞాపించెను; సుప్రీంకోర్టు ఆ యేటికి మాత్రము సడలింపు నిచ్చెను. దేవుని మట్టితో చేయుడని మనకు న్యాయమూర్తులు చెప్పవలసి వచ్చినది!

"మీరు ఇండ్లమీద పడెదరేల? దోషము కర్మాగారములది" అని రెండవవారందురు. కర్మాగారముల దోషమును నేను తక్కువ చేయను. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మురుగు నక్కవాగులో పడి మంజీర దిశగా పోయి పొలములను, బావులను పాడుచేసిన వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయినది. అట్టివారిని శిక్షింపవలసినదే. అయితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కను చూడుడు. ఈ దేశపు పట్టణములలో దినమొక్కటికి పుట్టు మురుగునీరు సుమారు 7,237 కోట్ల లీటర్లు. అందు శుద్ధి జరుగుచున్నది సుమారు 2,024 కోట్ల లీటర్లు. నూటికి డెబ్బదిరెండు పాళ్లు శుద్ధి లేకయే పోవుచున్నది. ఈ మురుగు ఏ సేఠు మిల్లులోనిదియు కాదు; మీదియు, నాదియు. మిల్లు యజమానిని తిట్టుట తేలిక, ఏలయన అతడు మన గడపకు వెలుపలివాడు. దోషమును గూడ మనము మురికివలెనే పొరుగువాని వాకిట పోయుచున్నాము.

"ఈ మురికి దరిద్రదేశముల దురదృష్టము, ధనికదేశములలో నిట్లుండదు" అని మూడవవారందురు. లండను చరిత్రమును వారు చదువవలెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ నగరవాసులు ఇండ్లలో నీటి మరుగుదొడ్లు పెట్టుకొని మిగుల శుచులమైతిమని సంతసించిరి. 1840 దశకపు చివర నగరపు మురుగుకుండీలను, కాలువలను కడిగి థేమ్సులోనికి విడిచిరి. ఆ నది నీటినే పెక్కుమంది త్రాగుచుండుటచే 1848, 49లలో కలరా విజృంభించెను. 1858 వేసవిలో నది కంపునకు పార్లమెంటు సభ్యులు కూర్చుండలేకపోయిరి. అప్పుడుగాని ధనము మంజూరు కాలేదు. బాజల్జెట్ అను నింజనీరు గొప్ప సొరంగపు కాలువలు కట్టించెను. అవి మురుగును శుద్ధిచేయక, నగరమునకు దిగువను నదిలో పోసెను. లండను మడి కట్టుకొనెను. మైల దిగువకు పోయెను. 1878 సెప్టెంబరు 3వ తేదీన ప్రిన్సెస్ ఆలిస్ అను విహారనౌక ఆ మురుగు విడుచు స్థలము చెంతనే మునిగి ఆరువందలకు పైగా జనులు మరణించిరి. వారు పడినది నీటిలో కాదు, తమ యిండ్ల మురుగులోనని పత్రికలు గగ్గోలు పెట్టెను. ఆ తరువాతగాని శుద్ధిచేయు పని మొదలు కాలేదు. అదియు చాలక 1957లో థేమ్సు జీవములేని నదియని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. శుద్ధికేంద్రములను మరల విస్తరించి కట్టిన పిమ్మట, 1974లో ఆ నదిలో సాల్మన్ చేప మరల కనబడినది. ధనముచే మాత్రమే నది బాగుపడునట్లైన, లోకమునందెల్ల ధనవంతమగు నగరమునకు నూరేండ్లకు పైగా పట్టనేల? మురుగును త్రోయుట వేరు, శుద్ధిచేయుట వేరు అను నొక్క పాఠము నేర్చుటకు వారికంత కాలము పట్టినది. అదే పాఠమును మనము మొదటినుండి మరల తప్పులు చేయుచు నేర్వవలెనా?

ఇంతవరకు నదినిగూర్చి చెప్పితిని. ఇక మనుష్యునిగూర్చి చెప్పక తప్పదు. మన శౌచపద్ధతి మైలను నదిమీద పెట్టుటకంటె ఎంతో ముందే మనుష్యులమీద పెట్టినది. మన మలమును మనము చూడరాదు, మరియొకడు ఎత్తవలెను. ఎత్తినవాడు మైలవాడు. మన శుభ్రతకు వాని జన్మను వెలగా నిచ్చి, పైగా వానిని ఊరవతల నుంచితిమి. రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది. చేతితో మలమెత్తు పనిని 1993లో నొక శాసనము, 2013లో మరింత గట్టి శాసనము నిషేధించినవి. అయినను మురుగుగుంతలలోనికి మనుష్యులు దిగుచునే యున్నారు. విషవాయువులు పీల్చి చచ్చుచునే యున్నారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అట్టి మరణములకు పరిహారమును 10 లక్షలనుండి 30 లక్షల రూపాయలకు పెంచవలసి వచ్చెను. పరిహారము పెంచవలసిన యవసరమే మనకు సిగ్గుచేటు.

నదికిని, ఆ మనుష్యునకును మనము చేసినది ఒక్కటే. ఇద్దరిని మన మురికి మోయుటకు నియమించితిమి. మోయుచున్నందుకే నీచముగా చూచితిమి. నదికి మాత్రము ఏటికొకమారు పసుపుకుంకుమలు, హారతులు అదనము. తల్లియని పిలిచి తల్లిచే పాకీపని చేయించు కుమారుని లోకమేమనునో మనకు తెలియును. కాబట్టి నదుల శుద్ధిని సంఘసంస్కరణమునకు దూరమైన వేరొక వ్యవహారముగా తలపరాదు. అంటరానితనమును పుట్టించిన బుద్ధియే నదిని మోరీ చేసినది. ఒక దానిని విడువక రెండవ దానిని విడువజాలము.

"అయ్యా, ఇదంతయు ప్రభుత్వము చేయవలసిన పని, గృహస్థుడేమి చేయగలడు?" అని తుదిమాట. 1974లోనే జలకాలుష్య నివారణ శాసనము పుట్టినది. శుద్ధికేంద్రములు కట్టవలసినది ప్రభుత్వమే, పురపాలకసంఘములే, సందేహము లేదు. హైదరాబాదులోను, ఇతర పట్టణములలోను క్రొత్తవి కట్టబడుచున్నవి, సంతోషము. కాని ప్రభుత్వము ప్రజలడిగిన పనులు చేయును. ఎన్నికలలో మన వీథికి నీటికొళాయి కావలెనని, రోడ్డు కావలెనని, దీపము కావలెనని అడుగుదుము. మన మురుగు శుద్ధియగుచున్నదా యని యే యభ్యర్థినైన నెవరైన నడిగితిరా? వచ్చు నీటికి పన్ను కట్టుటకు సణుగుచునైన నొప్పుకొందుము. పోవు నీటికి పన్నన్నచో ఉలిక్కిపడుదుము. ఊరికి దూరముగా శుద్ధికేంద్రము కట్టబోయిన, "మా పేటలో వద్ద"ని దావా వేయుదుము. ఇట్టి ప్రజలకు ఇట్టి ప్రభుత్వము దొరకుట అన్యాయము కాదు.

గృహస్థుడు చేయగలిగినవి పెక్కులున్నవి; మొదటిది తెలిసికొనుట. మీ యింటి తూము ఏ కాలువలో, ఆ కాలువ ఏ నాలాలో, ఆ నాలా ఏ చెరువులో పడునో ఒక్క దినము కాలినడకన పోయి చూచి రండు. పిల్లలను తీసికొని పొండు. మీకు మురుగుకుండీ యున్నచో, దానిని తోడిన బండివాడు ఆ సరకును ఎక్కడ పోయుచున్నాడో అడుగుడు. తక్కువ కూలి కడిగినవాడు దగ్గరి వాగులో పోయునని గ్రహింపుడు. వాననీటి కాలువలోనికి దొడ్డినీటిని కలిపిన రహస్యపు గొట్టము మీ యింటిదైనచో తీసివేయుడు. మాడిన నూనెను, పాతమందులను తూములో పోయకుడు. దేవుని నిర్మాల్యమును సంచితో సహా వంతెనమీదనుండి విసరుటకు మారుగా మీ తోటలో చెట్టు మొదట వేయుడు. దేవుడు తప్పు పట్టడు. ఈ పనులు ఆడువారి భాగమని మగవారు తప్పుకొనరాదు. మీసము దువ్వి యాఫీసుకు పోవు గృహయజమాని స్నానము చేసిన నీరును ఆ తూములోనే పోయినది. తరువాత పదిమంది కలసి పురపాలకసంఘమునకు పొండు. ఒక్కడడిగిన దరఖాస్తు బీరువాలో నిద్రించును. వీథియంతయు అడిగినచో లేచి కూర్చుండును.

ఇవన్నియు చిన్నపనులు. నదికి పెద్దమేలు వీనిచేతనే పూర్తికాదని నాకును తెలియును. కాని తన మురుగు తనదని యొప్పుకొనని వాడు శుద్ధికేంద్రమునకు ధనమియ్యడు, ఓటియ్యడు, స్థలమియ్యడు. ఒప్పుకోలు మొదట కావలెను; తక్కినవి దాని వెనుక వచ్చును.

మడి యనగా నేమో మరల నిర్ణయించుకొను కాలము వచ్చినది. తడిబట్ట కట్టుకొని యెవరిని తాకకుండుట మడి యని ఇన్నాళ్లు నమ్మితిమి. మనము వాడిన నీరు మరియొకని పొలమునకు, మరియొకని బావికి, మరియొక జీవి యూపిరికి హానిచేయకుండ తిరిగి భూమిని చేరునట్లు చూచుటయే నిజమైన మడి. ఆ మడి కట్టువరకు, ఎన్ని వాకిళ్లు కడిగినను, ఎన్ని ముగ్గులు పెట్టినను, ఎన్ని పుష్కరములు మునిగినను మనము శుచులము కాము. మన శుచికి లెక్క మన వాకిట దొరకదు. దిగువ గ్రామమున, ఆ నీట దిగి నాటువేయు స్త్రీ కాళ్లను చూచిన దొరకును.